బిల్లు దగ్గరికి మనమే వెళ్లాలి

నారాయణగూడ, చిక్కడపల్లి, బషీర్‌బాగ్‌లలో పాతికేళ్ల కిందటే కాపురం పెట్టినవాళ్లను అడిగి చూడండి. కరెంటు బిల్లు ఒక ఆఫీసులో, నల్లా బిల్లు ఇంకో ఆఫీసులో, టెలిఫోన్ బిల్లు మరో ఆఫీసులో కట్టేవాళ్లు. ప్రతిచోటా ఒక లైను, ప్రతిచోటా చిల్లర గొడవ, సరిగ్గా మన వంతు వచ్చేసరికి భోజనాలకు మూసేసే కిటికీ. ఇంట్లో రిటైరైన మనిషి ఉంటే నెలలో రెండు మూడు పూటలు ఆయనకు ఇదే డ్యూటీ.

1999 డిసెంబరులో బంజారాహిల్స్‌లో 'ట్విన్స్' పేరుతో ఒక ప్రయోగం మొదలైంది. అన్ని బిల్లులూ ఒకే చోట కట్టించుకోవడం దాని ఉద్దేశం. అది కుదిరాక 2001 ఆగస్టు 25న హైదరాబాద్‌లో 'ఈసేవ' వచ్చింది. ఏ కౌంటర్ దగ్గరైనా ఏ బిల్లయినా కట్టొచ్చు, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా. జనానికి అదే పెద్ద పండుగ. 2011లో 'మీసేవ' మొదలైంది. 2016 ఏప్రిల్ 11న యూపీఐ, అదే ఏడాది ఆగస్టు 31న ప్రయోగాత్మకంగా భారత్ బిల్ పేమెంట్ సిస్టమ్ వచ్చాయి. దాంతో కౌంటర్ జేబులోకి చేరింది.

సౌకర్యం పెరిగింది, సందేహం లేదు. కానీ ఆ పాత లైన్లో మనకు తెలియకుండానే ఒక రక్షణ ఉండేది. బిల్లు దగ్గరికి మనం వెళ్లేవాళ్లం. రాత్రి తొమ్మిదింటికి ఏ క్లర్కూ మన తలుపు కొట్టి 'ఇప్పుడే కడతారా, లైను పీకేయమంటారా?' అని అడగలేదు. ఇప్పుడు బిల్లే మన దగ్గరికి వస్తోంది. మెసేజ్‌గా, లింకుగా, కాల్‌గా, వాట్సాప్‌లో ఫైలుగా వస్తోంది. వచ్చినవాటిలో అసలేదో నకిలీ ఏదో తేల్చుకునే పని మన నెత్తిన పడింది.

చదువుకున్నవాళ్లు కూడా మోసపోతున్నది ఈ తేల్చుకునే దగ్గరే. కాబట్టి ఈ అధ్యాయం మీకు నకిలీని కనిపెట్టే విద్య నేర్పదు. ఆ పరీక్షకే కూర్చోవద్దంటుంది. వచ్చిన మెసేజ్ నిజమైనా సరే, అబద్ధమైనా సరే, దాని ద్వారా కట్టకండి. ఎప్పటిలాగే బిల్లు దగ్గరికి మీరే వెళ్లండి.

మొదలుపెట్టింది ఎవరు?

డబ్బు కట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: 'ఈ పని ఇప్పుడు మొదలుపెట్టింది నేనా, వాళ్లా?' మీరు గుర్తుపెట్టుకుని, మీ అంతట మీరే యాప్ తెరిచి, బిల్లు వెతికి కడుతుంటే మొదలుపెట్టింది మీరు. ఫోన్ మోగితేనో, మెసేజ్ వస్తేనో, ఎవరో తొందరపెడితేనో కడుతుంటే మొదలుపెట్టింది వాళ్లు. అలాంటప్పుడు చేయాల్సిందల్లా ఫోన్ పక్కన పెట్టి మంచినీళ్లు తాగి, ఆ తర్వాత మీ యాప్ మీరు తెరవడం. నిజంగా బాకీ ఉంటే అక్కడ కనిపిస్తుంది. అక్కడ లేకపోతే ఆ మెసేజ్ అబద్ధం.

2022లో దేశమంతా తిరిగిన ఒక మెసేజ్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. 'పోయిన నెల కరెంటు బిల్లు అప్‌డేట్ కాలేదు, ఈ రాత్రి 9.30కి కనెక్షన్ కట్ అవుతుంది, వెంటనే మా ఆఫీసర్‌కు ఫోన్ చేయండి' అని ఉండేది. కింద పది అంకెల మొబైల్ నంబరు. ఫోన్ చేస్తే అవతలి మనిషి చాలా మర్యాదగా ఒక యాప్ దించుకోమంటాడు. ఆ యాప్ మన స్క్రీన్‌ని అతనికి చూపిస్తుంది. 'పరీక్ష కోసం పది రూపాయలు కట్టండి సార్' అంటాడు. పది రూపాయలు కట్టేటప్పుడు మనం నొక్కే ప్రతి అంకె అతని కళ్ల ముందే ఉంటుంది.

అదే నాటకం ఇప్పుడు ఫోన్ బిల్లుల మీదా నడుస్తోంది. 'ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నాం, రెండు గంటల్లో మీ నంబరు ఆగిపోతుంది, 9 నొక్కండి' అని రికార్డింగ్ వస్తుంది. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఎవరి లైనూ కట్ చేయదు, చేస్తామని ఫోన్లూ చేయదు. ఈ మాట ఆ సంస్థే పలుమార్లు ప్రకటించింది. ఇలాంటి కాల్ వస్తే 'సంచార్ సాథి' పోర్టల్‌లోని 'చక్షు' విభాగంలో ఫిర్యాదు చేయొచ్చు. టెలికం శాఖ చక్షును 2024 మార్చిలో ప్రారంభించింది.

అసలు కంపెనీలు పంపే ఎస్సెమ్మెస్‌లలో పంపినవారి పేరు చివర చిన్న గీత, ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటాయి. ప్రచారమైతే పి, సేవ అయితే ఎస్, లావాదేవీ అయితే టి, ప్రభుత్వమైతే జి. 2025 మే నుంచి ఇవి కనిపిస్తున్నాయి. తెలుసుకుని ఉండటం మంచిదే. అంతమాత్రాన ఆ అక్షరం ఉంది కదా అని లింకు నొక్కాలని కాదు. మెసేజ్ మనకు గడువు గుర్తుచేస్తే చాలు, దారి చూపించనక్కర్లేదు.

ఒకే దారి, దానికొక తోడు

ఒకసారి గూగుల్‌లో వెతికి, ఇంకోసారి మెసేజ్‌లో లింకు నొక్కి, మరోసారి పక్కింటి అబ్బాయి ఫోన్లో కట్టే అలవాటు ఉంటే ఈ నెలతో ఆపేయండి. మీ ఇంటర్నెట్ బిల్లుకు ఒకే దారి ఎంచుకోండి. నెలనెలా అక్కడే కట్టండి. పది నెలలు ఒకే తెర చూసిన కంటికి పదకొండో నెల తేడా ఇట్టే తెలుస్తుంది.

దారులు మూడున్నాయి. మొదటిది మీ కంపెనీ సొంత యాప్. జియో, ఎయిర్‌టెల్, యాక్ట్, బీఎస్ఎన్ఎల్, ఎవరిదైనా సరే, ప్లాను వివరాలు, పాత బిల్లులు, ఫిర్యాదులు అన్నీ అక్కడే ఉంటాయి. రెండోది మీ బ్యాంకు యాప్ గానీ, మీరు రోజూ వాడే ఫోన్‌పే, గూగుల్‌పే, భీమ్ లాంటి యూపీఐ యాప్ గానీ. వాటిలో బిల్లుల విభాగం భారత్ బిల్ పే మీద నడుస్తుంది. ఇప్పుడు దాని పేరు భారత్ కనెక్ట్. ఆ గుర్తు కనిపిస్తే మీ డబ్బు ఎవరి సొంత ఖాతాలోకో కాకుండా రిజర్వ్ బ్యాంకు నియమాల కింద నడిచే వ్యవస్థ ద్వారా కంపెనీకి చేరుతుందని అర్థం. మూడోది మీసేవ కౌంటర్. ఆన్‌లైన్ చేతకాని రోజు అక్కడికి వెళ్లడం నామోషీ ఏమీ కాదు. అయితే మీ కంపెనీ బిల్లు అక్కడ తీసుకుంటారో లేదో ముందు కనుక్కోండి.

ఒకటి ఎంచుకున్నాక రెండోది కూడా తెలిసి ఉండాలి. ఎందుకో మన ఊరి అనుభవమే చెబుతుంది. 2024 జూలై 1న దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ ఒక ప్రకటన చేసింది. ఫోన్‌పే, గూగుల్‌పే, పేటీఎం, అమెజాన్ పే లాంటి యాప్‌లలో కరెంటు బిల్లు ఇక కట్టడం కుదరదని, తమ వెబ్‌సైటులో గానీ సొంత యాప్‌లో గానీ కట్టమని చెప్పింది. బిల్లుల చెల్లింపులన్నీ భారత్ బిల్ పే దారిలోనే జరగాలన్న రిజర్వ్ బ్యాంకు ఆదేశం అందుకు కారణం. సంస్థ అందులో చేరాక యాప్‌లలో మళ్లీ కట్టే వీలు వచ్చింది. మధ్యలో మాత్రం చాలా ఇళ్లలో గందరగోళం. సంస్థ సొంత యాప్‌ను ముందే పెట్టుకున్నవాళ్లకు ఆ నెల కూడా మామూలు నెలే.

నాలుగో దారి కూడా ఒకటుంది, మన బస్తీల్లో బాగా నడిచేది. కేబుల్ కుర్రాడు మెట్ల దగ్గర నిలబడి 'అన్నా, నా నంబర్‌కు ఫోన్‌పే కొట్టు, నేను కట్టేస్త' అంటాడు. అతను మంచివాడే కావచ్చు, ఏళ్ల తరబడి తెలిసినవాడే కావచ్చు. కానీ మీరు పంపింది ఒక మనిషికి, కంపెనీకి కాదు. అతను మర్చిపోతే, ఉద్యోగం మానేస్తే, కంపెనీ దగ్గర మీరు చూపించడానికి రసీదు ఉండదు. నొప్పించకుండా చెప్పండి: 'తమ్ముడూ, యాప్‌లోనే కడతా, ఏమనుకోకు. కట్టినంక నీకు రసీదు పంపిస్తా.' అతనికి ఆ నెల లెక్క కుదురుతుంది, మీకు రసీదు మిగులుతుంది.

కట్టే అయిదు నిమిషాలు

కూర్చుని కట్టండి. బస్సులో వేలాడుతూనో, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమా మొదలవబోతుంటేనో వద్దు. ఊరందరి వైఫై మీద కాకుండా మీ సొంత మొబైల్ డేటా మీద కట్టండి.

మొదట బిల్లర్‌ను వెతకాలి. బ్రాడ్‌బ్యాండ్, ల్యాండ్‌లైన్, మొబైల్ పోస్ట్‌పెయిడ్ విడివిడిగా ఉంటాయి. ఒకే కంపెనీ పేరు రెండు మూడు చోట్ల కనిపిస్తుంది. చాలామంది తడబడేది ఇక్కడే. ఇంటి నెట్‌కు బ్రాడ్‌బ్యాండ్‌లోకే వెళ్లాలి.

తర్వాత మీ కస్టమర్ ఐడీ కొట్టాలి. ఫోన్ నంబరు ఇవ్వాలా, అకౌంట్ నంబరు ఇవ్వాలా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. బిల్లు చూసి కొట్టండి. ఒక్క అంకె తప్పితే ఎవరి బాకీయో మీరు తీర్చినట్టు. నంబరు కొట్టగానే తెర మీదికి బిల్లు వస్తుంది. అక్కడ ఆగి పేరు, మొత్తం, గడువు తేదీ చూడండి.

పేరు దగ్గర అశోక్‌నగర్ వాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. గ్రూప్స్‌కు చదివే కుర్రాళ్లు నలుగురు రూమ్ తీసుకుంటారు. వైఫై మొదట పెట్టించుకున్న అన్న ఉద్యోగం వచ్చి వెళ్లిపోతాడు. కనెక్షన్ అతని పేరు మీదే, రిజిస్టర్డ్ మొబైల్ కూడా అతనిదే. ఓటీపీ అతనికి పోతుంది, బిల్లు అతనికి పోతుంది, ఎప్పుడైనా డిపాజిట్ వెనక్కి వస్తే అదీ అతనికే పోతుంది. రూమ్‌లో ఉన్నవాళ్లకు నెట్ ఆగినప్పుడు గానీ గడువు దాటిన సంగతి తెలియదు. రూమ్ చేతులు మారిన వారంలోనే కనెక్షన్ పేరు, ఫోన్ నంబరు మార్పించుకోండి. అద్దె ఇంట్లో దిగే కుటుంబాలకు కూడా ఇదే వర్తిస్తుంది.

చివరగా పిన్ తెర. అక్కడ వేలు పెట్టే ముందు మూడు చదవండి: డబ్బు ఎవరికి వెళుతోంది, ఎంత వెళుతోంది, మీ ఏ ఖాతా నుంచి వెళుతోంది. 2025 జూన్ 30 నుంచి యూపీఐ యాప్‌లు డబ్బు అందుకునేవారి పేరును బ్యాంకు రికార్డులో ఉన్నట్టే చూపించాలన్న నియమం ఉంది. మీరు కడుతున్నది ఇంటర్నెట్ కంపెనీకి అయితే అక్కడ ఎవరో మనిషి పేరు రాకూడదు. వస్తే వెనక్కి వచ్చేయండి.

పిన్ గురించి ఒకే మాట. డబ్బు ఇవ్వడానికే పిన్, తీసుకోవడానికి కాదు. 'రిఫండ్ పంపిస్తున్నాం, పిన్ కొట్టండి' అన్నవాడు మీ డబ్బు పట్టుకుపోవడానికే వచ్చాడు.

కట్టాక రసీదు దాచుకోండి. అందులో 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరు ఉంటుంది. భారత్ కనెక్ట్ ద్వారా కడితే అక్షరాలూ అంకెలూ కలిసిన ఇంకో పొడవాటి నంబరు కూడా ఉంటుంది. ఫోన్లో 'బిల్లులు' అని ఒక ఫోల్డర్ చేసి స్క్రీన్‌షాట్ అందులో వేయండి. రేపు గొడవొస్తే మీ తరఫున మాట్లాడేవి ఆ రెండు నంబర్లే.

బిల్లును చదవండి

మనం బిల్లు కడతాం గానీ చదవం. చదివితే రెండు మూడు సంగతులు తెలుస్తాయి.

బ్రాడ్‌బ్యాండ్ ప్లాను 499 రూపాయలని బోర్డు మీద ఉంటే, బిల్లు 588 రూపాయల 82 పైసలు వస్తుంది. మోసం కాదు, 18 శాతం జీఎస్టీ కలిసింది. ప్రీపెయిడ్ మొబైల్ ప్లాన్ల ధరలో మాత్రం పన్ను ముందే కలిసి ఉంటుంది. అందుకే రెండింటినీ పోల్చేటప్పుడు పన్ను కలిపాకే పోల్చాలి. కొన్ని యాప్‌లు రీచార్జ్‌కు ప్లాట్‌ఫామ్ ఫీజు అని ఒకటి రెండు రూపాయలు తీసుకుంటాయి. కంపెనీ సొంత యాప్‌లో అది ఉందో లేదో ఒకసారి చూసుకోండి. పోస్ట్‌పెయిడ్‌లో గడువు దాటితే లేటు ఫీజు వచ్చే నెల బిల్లులో ఓ మూలన కూర్చుంటుంది.

రీచార్జ్‌లో ఇంకో లెక్క ఉంది. 28 రోజుల ప్లాను నెల ప్లాను కాదు. ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు కట్టాలి. పైగా గడువు తేదీ నెలనెలా ముందుకు జరుగుతూ ఉంటుంది, ఏ తేదీయో గుర్తుండదు. 2022 జనవరిలో ట్రాయ్ ఆదేశించాక ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాను ఒకటి, ప్రతి నెలా ఒకే తేదీకి రీచార్జ్ అయ్యే ప్లాను ఒకటి కనీసం పెట్టాల్సి వచ్చింది. చాలామందికి ఆ ప్లాన్లు ఉన్నాయనే తెలియదు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దుటి నుంచి రాత్రి దాకా కూర్చునే కుర్రాడికి, దరఖాస్తుకు ఆఖరి రోజున ఓటీపీ రాకుండా ఆగిపోవడం కన్నా ఒకే తేదీ ప్లాను మేలు కాదా?

పెద్దవాళ్లు బ్యాంకుకు ఇచ్చిన పాత నంబరు సంగతి కూడా చూడండి. వాడకం లేని సిమ్‌ను 90 రోజుల తర్వాత కంపెనీ ఆపేయొచ్చు, ఆ తర్వాత ఆ నంబరు వేరొకరికి వెళ్లొచ్చు. బ్యాంకు ఖాతా, ఆధార్ ముడిపడి ఉన్న నంబరుకు రీచార్జ్ తప్పనివ్వకండి.

తేదీ మీ చేతిలో ఉండాలి

గడువు రోజున కట్టేవాడు తొందరలో కడతాడు. తొందరలో ఉన్నవాడే మోసగాడికి కావాలి. జీతమో పెన్షనో పడ్డ మరుసటి ఆదివారం 'బిల్లుల ఆదివారం' అనుకోండి. ఆ రోజు టిఫిన్ అయ్యాక పావుగంట కూర్చుని ఫోన్, నెట్, కరెంటు, నల్లా బిల్లులన్నీ ముగించండి. అప్పటికి బిల్లు తయారు కాకపోతే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఈ అలవాటు కుదిరినవాడికి 'ఈ రాత్రి కట్ అవుతుంది' అనే మెసేజ్ చూస్తే నవ్వొస్తుంది. ఎందుకంటే బిల్లు కట్టేసిన సంగతి అతనికి తెలుసు.

ఆటోపే పెట్టుకోవచ్చా? పెట్టుకోవచ్చు. 2021 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు నియమాల ప్రకారం, డబ్బు తీసుకునే 24 గంటల ముందు మీకు కబురు రావాలి. 15 వేల రూపాయల దాకా ప్రతిసారీ పిన్ అడగరు. మీకిష్టం లేనప్పుడు రద్దు చేసుకోవచ్చు. ఆటోపే పెట్టేటప్పుడు గరిష్ఠ మొత్తం అడుగుతుంది. మీ బిల్లు 600 అయితే అక్కడ 5,000 అని వదిలేయకండి, 800 పెట్టండి. నెల నెలా ఒకే మొత్తం వచ్చే బిల్లుకు ఆటోపే బాగుంటుంది. మారుతూ వచ్చే బిల్లును మాత్రం చూసి కట్టడమే నయం. ఆటోపే పెట్టినా ఆదివారం పావుగంట మానకండి. మొదలుపెట్టింది మీరే అయినప్పుడు దాని మీద కన్ను కూడా మీదే ఉండాలి.

డబ్బు పోయింది, బిల్లు కట్టలేదంటోంది

అందరికీ ఎప్పుడో ఒకసారి ఎదురయ్యేదే. ఖాతాలోంచి డబ్బు కట్ అయింది, తెర మీద మాత్రం 'పెండింగ్'. కంగారులో ఇంకోసారి కట్టేస్తాం. అది వద్దు. ముందు బ్యాంకు ఖాతాలో డబ్బు నిజంగా కట్ అయిందో లేదో చూడండి. అయితే, కంపెనీ యాప్‌లో బాకీ తగ్గిందేమో కాసేపాగి చూడండి.

2019 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు దీనికి గడువులు పెట్టింది. యూపీఐలో వ్యాపారికి చేసిన చెల్లింపు విఫలమై మీ డబ్బు కట్ అయితే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత అయిదు రోజుల్లో అది తనంతట తాను వెనక్కి రావాలి. దాటితే రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం. మీరు అడగకపోయినా ఇవ్వాల్సిందే. యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి అక్కడే ఫిర్యాదు నమోదు చేయండి. ఫిర్యాదు నంబరు రాసుకోండి. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. సమాచారానికి నంబరు 14448.

ఈ సమయంలో చేయకూడని పని ఒకటే: గూగుల్‌లో 'కస్టమర్ కేర్ నంబరు' అని వెతకడం. డబ్బు ఇరుక్కుని మనసు ఆందోళనలో ఉన్నవాడి కోసమే దొంగ నంబర్లు అక్కడ పెట్టి ఉంచుతారు. యాప్ లోపల ఉన్న నంబరు, బిల్లు మీద అచ్చయిన నంబరు, ఏటీఎం కార్డు వెనక ఉన్న నంబరు, ఈ మూడే వాడండి. బ్యాంకు వెబ్‌సైటుకు వెళ్లాలంటే చిరునామా చివర 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' ఉందో లేదో చూడండి. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోపు ఆ చిరునామాకు మారాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది.

'నాకు ఇవన్నీ రావమ్మా' అనేవాళ్లకు

చిక్కడపల్లి పాత అపార్ట్‌మెంట్లలో ఒక దృశ్యం మామూలు. కొడుకు డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉంటాడు. ఇక్కడ అమ్మానాన్న ఇద్దరే. నెట్ ఆగితే వీడియో కాల్ ఆగుతుంది. ఆయన ఫోన్ తీసుకుని కింది అంతస్తు అబ్బాయి దగ్గరికి వెళ్లి 'బాబూ, ఇదేదో చూసి కట్టెయ్యి, పిన్ ఇదీ' అంటారు. అబ్బాయి కట్టేస్తాడు. మంచి అబ్బాయే. కానీ ఆ రోజు నుంచి ఆ ఇంటి పిన్ ఇద్దరి దగ్గర ఉన్నట్టే.

ఇందులో తప్పు వయసుది కాదు, నేర్పే పద్ధతిది. పిల్లలు ఫోన్ లాక్కుని టకటకా నొక్కి 'అయిపోయింది నాన్నా' అని చేతిలో పెడతారు. నేర్పడం అంటే అది కాదు. పక్కన కూర్చోండి, ఫోన్ వాళ్ల చేతిలోనే ఉండనివ్వండి, వేలు వాళ్లదే ఉండాలి. మొదటి నెల చిన్న రీచార్జ్ చేయించండి. రెండో నెల నెట్ బిల్లు. మూడో నెల మీరు ఎదురుగా కూర్చుని నోరు మెదపకండి. మెట్లన్నీ పెద్ద అక్షరాలతో తెలుగులో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అతికించండి. పిన్ మాత్రం ఆ కాగితం మీద రాయకండి. యాప్ భాష తెలుగులోకి మార్చే వీలుంటే మార్చండి.

నేర్చుకోవడం నిజంగా వీలుకాని వాళ్లకు వేరే దారులున్నాయి. 2024లో వచ్చిన 'యూపీఐ సర్కిల్' ద్వారా కొడుకో కూతురో తమ ఖాతా నుంచి తల్లికి కట్టే వీలు ఇవ్వొచ్చు. ఆమె కట్టబోయే ప్రతిసారీ తమ అనుమతి ఉండేలా పెట్టుకోవచ్చు, లేదా ఒక్కోసారి 5 వేలు, నెలకు 15 వేల రూపాయల హద్దుతో వదిలేయొచ్చు. విదేశాల్లో ఉన్నవాళ్లు ఇక్కడి తల్లిదండ్రుల బిల్లులు భారత్ బిల్ పే ద్వారా నేరుగా కట్టే ఏర్పాటును 2022 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ప్రకటించింది. అమెరికా, ఆస్ట్రేలియా, సింగపూర్, బ్రిటన్ లాంటి కొన్ని దేశాల ఫోన్ నంబరు మీదే ఎన్నారై ఖాతాతో యూపీఐ వాడుకునే వీలు 2023 నుంచి తెరుచుకుంది. స్మార్ట్‌ఫోన్ లేని వాళ్లకు 2022 మార్చి 8న 'యూపీఐ 123పే' వచ్చింది. మామూలు బటన్ ఫోన్‌తోనే చెల్లించవచ్చు. పిన్ పక్కింటి వాళ్లకు చెప్పాల్సిన అవసరం వీటిలో దేనికీ లేదు.

చేయి దాటిపోతే

ఎంత జాగ్రత్తపడినా ఒక బలహీన క్షణం రావొచ్చు. లింకు నొక్కేశారు, డబ్బు పోయింది. అప్పుడు సిగ్గుపడి దాచుకోవడం మొదటి నష్టం కన్నా పెద్ద నష్టం. 'బషీర్‌బాగ్ సైబర్ క్రైమ్ స్టేషన్ ఇంటికి దగ్గరే, పొద్దున వెళ్లి చెబుదాం' అనుకోవద్దు. పొద్దుటికి ఆ డబ్బు నాలుగు ఖాతాలు మారిపోతుంది. ఉన్నచోట నుంచే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే దొంగ దాన్ని డ్రా చేసుకునేలోపు ఆపే అవకాశం అంత ఎక్కువ. సైబర్ క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు చేయొచ్చు. తర్వాత బ్యాంకుకు చెప్పి ఖాతా, కార్డు ఆపించండి. మెసేజ్‌లో వచ్చిన యాప్ ఫైలు (ఏపీకే) ఏదైనా దించుకుని ఉంటే ముందు నెట్ ఆపేసి, ఆ తర్వాత ఇంకో ఫోన్ నుంచి కాల్ చేయండి.

త్వరగా చెప్పడం వల్ల ఇంకో లాభం ఉంది. 2017 జూలై 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడో మనిషి వల్ల డబ్బు పోతే, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లో చెప్పినవారికి నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే కొంత భరించాలి. ఆ తర్వాతైతే బ్యాంకు విధానం ఎలా ఉంటే అలా. మీరే పిన్నో ఓటీపీయో చెప్పి ఉంటే, బ్యాంకుకు చెప్పే క్షణం దాకా పోయిందంతా మీదే. చెప్పాక పోయేది బ్యాంకుది. ఎలా చూసినా ఒక్క గంట ఆలస్యం కూడా మీకు ఖరీదే.

ఈ వారం చేయాల్సినవి

ఒకటి: మీ నెట్ కనెక్షన్ ఎవరి పేరు మీద, ఏ ఫోన్ నంబరు మీద ఉందో చూడండి. తేడా ఉంటే మార్పించండి.

రెండు: కట్టే దారి ఒకటి, దానికి తోడుగా ఇంకొకటి ఎంచుకోండి. మిగతా లింకులన్నీ డిలీట్ చేయండి.

మూడు: ఫోన్‌లో ఆటోపే జాబితా తెరిచి చూడండి. ఎప్పుడో పెట్టి మరిచిపోయినవి ఉంటే రద్దు చేయండి.

నాలుగు: బిల్లుల ఆదివారం ఏదో క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి.

అయిదు: 1930 నంబరును మీ ఫోన్లో, ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో 'సైబర్ పోలీస్' అని తెలుగులో సేవ్ చేయండి. అది ఎప్పుడు వాడాలో వాళ్లకు ఒకసారి వివరంగా చెప్పండి.

ఈ అయిదింటికీ కలిపి పట్టేది ఒక పూట. ఆ పూట ఈ వారమే కేటాయించండి. ఆ తర్వాత ఎంత నమ్మకంగా, ఎంత కంగారుగా, ఎంత మర్యాదగా బిల్లు మీ దగ్గరికి వచ్చినా, దాని చేతికి ఒక్క రూపాయి ఇవ్వకండి.